తుమ్మెద మోసిన జొన్నలు

ఇబ్రహీంపట్నం పోతున్నానని చెప్తే మా వీధిలో ప్రతివాళ్లూ ఏ ఇబ్రహీంపట్నం అని అడిగారు. మెట్‌పల్లి దగ్గర ఒకటుంది, బెజవాడ పక్కన ఇంకొకటుంది. నేను పోయొచ్చింది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాద్ దాటాక సాగర్ రోడ్డు మీద తగిలే ఇబ్రహీంపట్నానికి. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇన్ని గుర్తులు చెప్పను. గుర్రాలు దడులు దూకే ఇబ్రహీంపట్నం అంటాను. తెలియనివాళ్లు తెలుసుకుంటారు.

నాకు కరీంనగర్‌లో పిండివంటల దుకాణం ఉంది. దాన్ని వదిలి ఊళ్లు తిరిగే మనిషిని కాను. కానీ మా చెల్లెలు సువర్ణను ఆ ఇబ్రహీంపట్నం పక్క పల్లెకే ఇచ్చాం. వాళ్లది కందులు, జొన్నలు పండించే ఇల్లు. వెనుకటి తరంలో జట్కా కూడా నడిపారు. జట్కా పోయినా గుర్రం మాత్రం ఆ ఇంటిని వదల్లేదు. ఇప్పుడున్నది తుమ్మెద అనే నల్ల ఆడగుర్రం. దాన్ని మేపేది, కడిగేది, తిట్టేది అంతా మా సువర్ణే. మా మరిది యాదగిరి దానికి దూరం నుంచి దండం పెడతాడు.

అక్కడ ఏటా పుష్యమాసం చివరి ఆదివారం గుర్రాల పరుగు ఉంటుంది. ఉత్త పరుగు కాదు. కందికట్టె మోపులు నిలబెట్టి కట్టిన ఐదు దడులను దూకుతూ చెలక, అంటే మెట్టచేను, చుట్టూ రెండుసార్లు తిరగాలి. నిరుడు గెలిచిన గుర్రం ఈ ఏడు అదనంగా బరువు మోయాలి, మిగతావాటికీ గెలిచే వీలుండాలని. ఎంత మోయాలో దాని యజమానే పదిమందిలో చెప్పాలి. వరుసగా మూడేళ్లు గెలిచిన గుర్రం పేరు ఒక దడికి పెడతారు. ఇన్నేళ్లలో పేరు పడ్డవి మూడు దడులే. తుమ్మెద రెండేళ్లు గెలిచింది. ఇది మూడో ఏడు.

"ఈసారి రాకుంటే మళ్ల నాతోని మాట్లాడకు అక్కా," అని సువర్ణ ఫోన్ పెట్టేసింది. రెండు డబ్బాల సకినాలు కట్టుకుని బయల్దేరాను.

జల్‌పల్లి

సువర్ణ నన్ను నేరుగా ఊరికి రానివ్వలేదు. తుమ్మెదకు లాడాలు కొట్టించడానికి జల్‌పల్లికి తోలుకొచ్చిందట, అక్కడికే రమ్మంది. పహాడీ షరీఫ్ దిక్కు నుంచి పోతే చెరువు, ఆ చెరువు మీదకు ఒరిగినట్టున్న ఇళ్లు. ఆ ఇళ్ల మధ్య సందులో ఖాజా భాయ్ గుర్రాల కొట్టం.

ఖాజా భాయ్ పెళ్లిళ్లకు గుర్రాలు కిరాయికి ఇస్తాడు. వయసు యాభై దాటింది, గడ్డానికి గోరింటాకు రంగు. గోడకు వేలాడుతున్న జరీ జీన్లు, అద్దాల ముఖపట్టాలు చూస్తే బట్టల దుకాణంలోకి వచ్చినట్టే అనిపించింది. పుష్యమాసం శూన్యమాసం కదా, మనవాళ్ల పెళ్లిళ్లు ఉండవు. గుర్రాలకు కొంత తెరిపి. పరుగు ఈ నెలలోనే పెట్టడానికి కారణం అదేనని అక్కడ తెలిసింది. ముహూర్తం లేని నెలనే ముహూర్తంగా చేసుకున్నారు.

నాకు నవ్వొచ్చిన సంగతి ఇంకొకటుంది. తుమ్మెదను పిల్లగా ఉన్నప్పుడు అమ్మింది ఈ ఖాజా భాయే. బ్యాండు మోత వింటే బెదురుతుందని, బారాత్‌కు పనికిరాదని వదిలించుకున్నాడు. అదే ఇప్పుడు రెండేళ్లుగా ఆయన పోటీ గుర్రం నవాబ్‌ను ఓడిస్తోంది. అయినా దాని లాడాలు ఆయన చేతి మీదుగానే పడాలి.

"గిదేం పద్ధతి భాయ్? పోటీ గుర్రానికి నువ్వే లాడాలు కొడ్తవా?" అని అడిగాను.

ఆయన తుమ్మెద కాలు తొడ మీద పెట్టుకుని గిట్ట చెక్కుతూ తల ఎత్తలేదు. "నేను కొట్టకుంటే ఇంకొకడు ఖరాబ్ కొడ్తడు. రేపు నవాబ్ గెలిస్తే, తుమ్మెద లాడం ఊసిపోయింది గందుకే గెలిచిండని మీ చెల్లె ఏడాది పొడుగునా అంటది. గా మాట నేను పడాల్నా?"

"అంట," అంది సువర్ణ, మొహమాటం లేకుండా.

మా కరీంనగర్‌లో పక్కపక్క దుకాణాలవాళ్లం ఒకరి నూనె మూకుడు ఒకరికి చూపించుకోం. నేను ఆలోచిస్తూనే సకినాలు తీసి పెట్టాను. ఖాజా భాయ్ ఇంటావిడ ఒకటి కొరికి, మా దగ్గర ఇంత పలచగా చుట్టేవాళ్లు లేరని ఒప్పుకుంది. యాత్ర అక్కడే సఫలమైంది. బదులుగా ఆమె పెట్టిన ఖట్టా అనే పులుసు, ఖిచిడీ మాత్రం నేను మళ్లీ అడిగి పెట్టించుకున్నాను. ఆ పులుపు మాకు చేతకాదు. ఒప్పుకోవలసినచోట నేనూ ఒప్పుకుంటాను.

బడంగ్‌పేట్

సువర్ణ గుర్రాన్ని నడిపించుకుంటూ, నేను కొంత నడిచి కొంత ఆటోలో, పొద్దువాలేసరికి బడంగ్‌పేట్ చేరాం. గుర్రం నడకతో సమానంగా ఆటో నడపమంటే ఆ డ్రైవర్ మొదట కోపగించాడు. తర్వాత తనే తుమ్మెదకు దారి ఇప్పిస్తూ హారన్ కొట్టాడు. దిగేటప్పుడు మామూలు కిరాయి కంటే పది రూపాయలు తగ్గించి తీసుకున్నాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆటోవాడు తగ్గించుకున్నాడంటే మీరు నమ్మరు. నేనూ నమ్మకపోదును.

ఆ రాత్రికి మా ఆడబిడ్డ కొడుకు ఫ్లాట్‌లో బస. తుమ్మెద కింద పార్కింగ్‌లో. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెద్ద ఒకాయన లుంగీతోనే దిగి వచ్చి, ఇక్కడ కార్లకే చోటు లేదు, గుర్రాన్ని ఎట్లా కడతారని నిలదీశాడు.

"అన్నా, నీ కారు పొద్దుగాల ఎరువు ఇస్తదా?" అంది సువర్ణ. "గిది ఇస్తది. మీ కుండీలన్నిటికి సరిపోతది."

తెల్లారి చూస్తే బకెట్ పట్టుకుని మొదట వచ్చింది ఆయనే.

అసలు సంగతి తెల్లారాకే జరిగింది. కాలనీ దాటుతుంటే మూల మలుపులో ఎవరో నాయకుడి పుట్టినరోజు. ఫ్లెక్సీలు, కేకు, తీన్మార్ బ్యాండు. మేం పక్కకు రాగానే బ్యాండువాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు. తుమ్మెద తల విదిల్చింది, పగ్గం సువర్ణ చేతిలోంచి జారిపోయింది. ముందు వరుసగా ఆపిన బైకులు. పోయి వాటికి గుద్దుకుంటుందని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది బైకుల అవతల నిలబడి వేపాకు పీకుతోంది. ఒక్క అద్దానికి కూడా కాలు తగల్లేదు.

బ్యాండు ఆగిపోయింది. కేకు కోయవలసిన నాయకుడు కత్తి పట్టుకుని అట్లాగే చూస్తున్నాడు. ఒకతను ఇదంతా ఫోన్‌లో తీశాడు. ఆ వీడియో నాకూ పంపించుకుని, నడుస్తూనే కరీంనగర్‌లో తెలిసినవాళ్లందరికీ పంపాను. మా చెల్లె గుర్రం అని కింద రాశాను. మా చెల్లె అని రాయడంలో నాకున్న సంతోషం మీకు చెప్పలేను. ఒకప్పుడు ఎడ్లబండి ఎక్కమంటే ఏడ్చిన పిల్ల అది.

ఆదిబట్ల మీదుగా

నాదర్‌గుల్ దాటాక మళ్లీ పొలాలు కనిపించాయి. మధ్యమధ్య వెంచర్ల గేట్లు, గేటు లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. తుమ్మెద ఆ గడ్డిని వదిలిపెట్టలేదు. ఆదిబట్ల దగ్గర అద్దాల భవనాలు, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు. టీ కొట్టు దగ్గర ఒకమ్మాయి గుర్రం మెడ మీద చెయ్యేసి ఫోటో దిగి, గంటకు కిరాయి ఎంత అని అడిగింది. సువర్ణ జవాబు ఇక్కడ రాయను.

రోడ్డు పక్క జామకాయలు అమ్ముతున్నారు. కరీంనగర్ ధరకు సగమే. ఉప్పూ కారం అద్ది ఇస్తారు. తింటూ నడుస్తుంటే సువర్ణ ఫోన్ మోగడం మొదలైంది. మొదట యాదగిరి.

"ఏం చేసి వస్తున్నరు మీరిద్దరు? గా వీడియో ఇక్కడ అందరి ఫోన్ల తిరుగుతున్నది."

"మంచిదే గద," అంది సువర్ణ.

"మంచిది కాదు. అబ్దుల్లాపూర్‌మెట్‌ల ఇద్దరు గుర్రాలను తోలుకరాము అంటున్నరు. మంచాల ఊరి దిక్కువోళ్లు సుత గట్లనే అంటున్నరు. బైకులు దూకే గుర్రంతోని మాకేం పోటీ అంటున్నరు."

నేను సంబరపడ్డాను. పోటీ తగ్గితే గెలుపు ఖాయం, నాలుగో దడికి పేరు ఖాయం. అదే మాట అన్నాను. సువర్ణ జామకాయ పారేసి గుర్రం పగ్గం పట్టుకుని ముందుకు నడిచింది. అప్పుడు నాకది అర్థం కాలేదు. అలసట అనుకున్నాను.

దడుల కథ

పరుగు జరిగే చెలక ఊరికి కాస్త ఎడంగా ఉంది. శనివారం పొద్దున్నే పోయేసరికి పదిమంది కందికట్టె మోపులు కడుతున్నారు. అదొక పండుగలాగే చేసుకుంటారు. ప్రతి ఇంటి నుంచి ఒక మోపు రావాలి. మాదిగవాడ నుంచి వచ్చిన మోపు, రెడ్ల ఇంటి మోపు, చర్చి పక్క ఇళ్లవాళ్ల మోపు అన్నీ కలిపి ఒకే దడిలో కడతారు. ఏది ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు.

గుర్రాలు మోసే బరువును కాంటాలో తూచే రాములు తాత అక్కడే మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎనభై ఏళ్లు ఉంటాయేమో. గొంతు మాత్రం ఇప్పటికీ గట్టిదే. ఈ పరుగు ఎప్పుడు మొదలైందని అడిగితే, ఏ సాలో, ఏ ఏడో నాకెరుకలేదు గానీ సంగతి ఎరుక, అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను.

ఆ కాలంలో ఇక్కడి నుంచి పట్నానికి జట్కాలు తిరిగేవి. జట్కావాళ్లు పని లేని నెలలో పంతానికి గుర్రాలను ముళ్లకంపల మీదుగా దూకించేవాళ్లు. అందులో సుల్తాన్ అనే గుర్రానికి ఎదురులేదు. రెండేళ్లు గెలిచింది. మూడో ఏడు దాని యజమాని చెలకకు వస్తే ఇంకెవరూ రాలేదు. ఒక్కడే, పక్కన ఒక్క గుర్రం. చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత అంగడికి పోవలసిన జొన్నల బస్తా సుల్తాన్ వీపుకు కట్టి, దాన్ని నడిపించుకుంటూ జట్కాల అడ్డాకు పోయి, ఇగ రాండ్రి అన్నాడట. అంతే. అందరూ వచ్చారు. సుల్తాన్ ఆ బస్తాతోనే గెలిచింది. తెల్లారి ఆ జొన్నలు తిరగట్లో విసిరించి, ఓడినవాళ్లందరికీ రొట్టెలు పెట్టాడు.

అప్పటి నుంచి గెలిచిన గుర్రానికి జొన్నల బరువు, ఆ జొన్నలతో తెల్లారి రొట్టెలు. మొదటి దడి సుల్తాన్ దడి. రెండోది బుజ్జి దడి, మూడోది మోతీ దడి. మోతీకి ఒకటే కన్నట. ముల్లు తగిలి రెండో కన్ను పోయినప్పుడే ముళ్లకంప మానేసి, తగిలితే విరిగే కందికట్టె పెట్టారు. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక కొన్నేళ్లు పరుగు ఆగింది. పెళ్లి గుర్రాలవాళ్లు, గుర్రం మీద మమకారం చావని మా చెల్లె అత్తగారింటి లాంటి వాళ్లు కలిసి మళ్లీ నిలబెట్టారు.

"పట్నంల రేసులున్నయి గద తాతా," అన్నాను. "అక్కడ బరువు ఎవరో ఆఫీసరు చెప్తడట."

"అక్కడ ఆఫీసరు చెప్తే యజమాని తగ్గించుమని బతిమాలుతడట," అన్నాడు రాములు తాత. "ఇక్కడ ఎవలు చెప్పరు. నీ గుర్రం సంగతి నీకే ఎరుక. నువ్వే చెప్పాలె. తక్కువ చెప్పినవనుకో, ఎవలు ఏమనరు. రొట్టెలు తినేటప్పుడు మాత్రం అందరు నీ మొకమే చూస్తరు."

ఊరు కాని ఊరిదాన్ని, కానీ ఆ మాట విన్నాక నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇంత మంచి లెక్క ఏ ఆటలోనూ నేను వినలేదు. నాలుగో దడి, ఐదో దడి పేర్లు లేకుండా నిలబడి ఉన్నాయి. నాలుగోదాని దగ్గరకు పోయి మోపును తట్టి చూశాను. యాదగిరి నన్ను చూసి, వాళ్ల నాయన గుర్రం కూడా రెండేళ్లు గెలిచి మూడో ఏడు ఓడిందని, పోయేదాకా ఆ మాటే తలుచుకున్నాడని చెప్పాడు. అందుకే ఇంటివాళ్లంతా ఈ ఏడు కోసం కాచుకుని ఉన్నారు.

బరువు చెప్పిన సాయంత్రం

ఆ సాయంత్రం చెలకలోనే అందరూ కూడారు. గుర్రాలు మాత్రం మూడే. తుమ్మెద, ఖాజా భాయ్ నవాబ్, పక్క ఊరి ఎర్రగుర్రం ఒకటి. మిగతా నలుగురు యజమానులు ఉత్త చేతులతో వచ్చారు, రొట్టెలు తినడానికి వచ్చామన్నారు.

నిరుడు తుమ్మెద పన్నెండు కిలోలు మోసింది. ఈసారి పదిహేను చెప్పాలని ఇంట్లో అనుకున్నాం. తుమ్మెదను ఎక్కే ప్రభుదాస్‌ కూడా సరేనన్నాడు. ఆయన ఊళ్లో బడిపిల్లలకు ఆటలు నేర్పే సారు, మనిషి బక్కగా ఉంటాడు, ఆదివారం పొద్దున్నే చర్చికి పోయి వచ్చి గుర్రం ఎక్కుతాడు.

సువర్ణ లేచి నిలబడింది. "తుమ్మెదకు పదిహేను కిలోలు," అంది.

ఉత్త చేతులతో వచ్చిన నలుగురూ నేల చూశారు.

"పదిహేను," అన్నాడు రాములు తాత. "ఇంకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?" ఆ మాట అడగడం ఆనవాయితీ. లేదు అంటే అయిపోతుంది.

సువర్ణ లేదు అనలేదు. ఆ నలుగురి వంక చూసింది. "ఇరవై," అంది.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన ఒకతను జేబులోంచి ఫోన్ తీశాడు. కాస్త పక్కకు జరిగి, "అరేయ్, గుర్రానికి దాణా పెట్టిండ్రా? రేపు పొద్దుగాల తోలుకరాండ్రి," అన్నాడు.

యాదగిరి సువర్ణ కొంగు పట్టి లాగాడు. నేను ఉండబట్టలేక, "నీకు మతి ఉన్నదా? మూడు గుర్రాలున్నయి, చాలవా? పదిహేనుతోని గెలుస్తవు, పేరు పడ్తది," అని గొణిగాను.

"ఇద్దరిని ఓడగొట్టి పేరు పెట్టుకుంటే, గా దడిని చూసినప్పుడల్ల నాకే సిగ్గయితది అక్కా," అంది. గొణగలేదు, అందరికీ వినిపించేలాగే అంది. తర్వాత రాములు తాత వైపు తిరిగి, "ఇరవై అయిదు," అంది.

ఇంకో రెండు ఫోన్లు బయటికి వచ్చాయి. మిగిలింది ఒక్కడు, మంచాల దిక్కు మనిషి. తమలపాకు నములుతూ ఆకాశం చూస్తున్నాడు. సువర్ణ ఆయన్నే చూస్తోంది. ప్రభుదాస్ నుదురు రుద్దుకున్నాడు.

"ముప్పై," అంది సువర్ణ.

ఆ మనిషి ఆకు ఉమ్మేసి నిలబడ్డాడు. "నా ఫోన్ల చార్జింగ్ లేదు. ఎవలన్న జర ఫోన్ ఇయ్యిండ్రి," అన్నాడు.

ఖాజా భాయ్ తన ఫోనే ఇచ్చాడు. ఆ ఊళ్లో ఎవరి నోటా ముప్పై మాట విన్న గుర్తు లేదన్నాడు రాములు తాత. జొన్నలు రెండుసార్లు తూచి రెండు గోనెసంచుల్లో పోసి కట్టాడు. ఇంటికి వచ్చాక యాదగిరి అన్నం తినలేదు. నేనూ చెల్లెలితో మాట్లాడలేదు. ఇంత దూరం వచ్చింది పేరు పడేది చూడటానికే కదా అని ఉక్రోషం. అయినా పడుకున్నాక, సుల్తాన్ యజమాని తర్వాత అట్లాంటి పని చేసింది మా ఇంటి ఆడపిల్లే కదా అనుకున్నాను. అనుకున్నాక నిద్ర పట్టింది.

పరుగు

ఆదివారం ఏడు గుర్రాలు నిలబడ్డాయి. చెలక గట్ల మీద జనం. బడంగ్‌పేట్ నుంచి ఆ అసోసియేషన్ పెద్ద కూడా కుటుంబంతో వచ్చాడు, మా పార్కింగ్‌లో కట్టిన గుర్రమేనని అందరికీ చెప్తూ తిరిగాడు. మిర్చి బజ్జీలు, ఉడికించిన పల్లికాయలు అమ్ముతున్నారు. బ్యాండు మాత్రం లేదు. తుమ్మెద బెదురుతుందని ఖాజా భాయే వద్దన్నాడట.

రాములు తాత తువ్వాల కిందికి వదిలాడు. గుర్రాలు కదిలాయి.

మొదటి చుట్టులో తుమ్మెద ఐదో స్థానంలో ఉంది. ఎప్పుడూ గాల్లో తేలినట్టు దూకే గుర్రం, ఈసారి దూకిన ప్రతిసారీ సంచులు దాని పక్కలకు తగిలే చప్పుడు మాకు వినిపించింది. దడి విరగలేదు. ఒక్క కట్టె కూడా రాలలేదు. రెండో చుట్టులో సుల్తాన్ దడి దగ్గర ఒకదాన్ని దాటింది, బుజ్జి దడి దగ్గర ఇంకొకదాన్ని. మోతీ దడి ముందు ఎర్రగుర్రం ఆగిపోయింది. నాలుగో దడికి వచ్చేసరికి ముందున్నది నవాబ్ ఒక్కటే. రెండూ కలిసి దూకాయి. నేను ఏం అరిచానో నాకు తెలియదు. పక్కన ఉన్నావిడ తర్వాత చెప్పింది, సకినాలు ఊరికే పెడతానన్నానట.

ఐదో దడిని తుమ్మెదే ముందు దూకింది. కానీ దిగేటప్పుడు బరువుకు ముందుకాళ్లు వంగాయి. మోకాళ్లు నేలకు తగిలినట్టే ఉంది. ప్రభుదాస్ పగ్గం వదులుగా ఇచ్చి దాని మెడ మీదకు వంగాడు. అది లేచింది. లేచి మళ్లీ పరుగెత్తింది. ఆ లేవడానికి పట్టిన క్షణంలోనే నవాబ్ పక్కగా వెళ్లిపోయాడు. గీత దగ్గర తేడా మెడంత.

ఓడిపోయాం.

సువర్ణ ఎవరినీ చూడకుండా పోయి మొదట సంచులు విప్పింది. తర్వాత తుమ్మెద నాలుగు కాళ్లనూ ఒక్కొక్కటిగా పైనుంచి గిట్ట దాకా తడిమింది. వాపు లేదు, గాయం లేదు. అప్పుడు లేచి ఖాజా భాయ్ దగ్గరకు పోయి, "మంచిగ ఉరికింది నీ నవాబ్," అంది. ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ప్రభుదాస్ గుర్రం దిగి దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు. బడి సారు, ఆయన పిల్లలు చూస్తుండగానే.

ఇంటికి వచ్చాక కొట్టంలో సువర్ణ కూడా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"ముప్పై మోసి మెడంతల వచ్చింది అక్కా," అంది. "పదిహేనైతే..." అని ఆగింది. ముక్కు చీది, మళ్లీ తనే అంది, "పదిహేనైతే గా నలుగురు రాకపోదురు."

యాదగిరి గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపలికి పోయి, ముందురోజు నుంచి తినని అన్నం పెట్టించుకుని తిన్నాడు. మా మరిది ఇంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

రొట్టెలు

తెల్లారి ముప్పై కిలోల జొన్నలు పిండయ్యాయి. అంత పిండిని ఒక్కచోట కలపడం నా దుకాణంలో కూడా చూడలేదు. ఆరు పొయ్యిలు పెట్టారు. మా దిక్కు రొట్టె చిన్నగా, మందంగా చేస్తాం. వాళ్లది వెడల్పుగా, కాగితంలా పలచగా. నేను చేసిన మొదటి రెండూ విరిగిపోయాయి. పొయ్యి దగ్గరున్నావిడ, "కరీంనగర్ రొట్టె దడికి తగిలింది," అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వక తప్పలేదు. మూడోది మాత్రం నిలిచింది.

తలకాయ కూర, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. చెలకలోనే బంతులు సాగాయి. అబ్దుల్లాపూర్‌మెట్‌వాళ్లు, మంచాలవాళ్లు, జల్‌పల్లి నుంచి ఖాజా భాయ్ ఇంటిల్లిపాదీ. ఇంతమంది కడుపు నిండా తిని కూడా మిగిలిన ఏడు తన ఎరుకలో లేదన్నాడు రాములు తాత. తినేవాళ్లు సువర్ణ వంక చూశారు. తల వంచుకోవలసిన పని ఆమెకు లేదు. పచ్చిపులుసు గిన్నె పట్టుకుని బంతుల మధ్య తల ఎత్తుకుని తిరిగింది. ఆమె అక్కను నేనేనని నాకు నేనే చెప్పుకున్నాను, పక్కవాళ్లకూ చెప్పాను.

ఎవరో ఖాజా భాయ్‌ని కదిలించారు, వచ్చే ఏడు నవాబ్ ఎంత మోస్తాడని.

"ముప్పై అయితే నాతోని కాదు," అన్నాడాయన రొట్టె తుంచుతూ. "నవాబ్ బారాత్‌ల పెరిగినోడు. పెండ్లికొడుకును మోసుడొక్కటే ఎరుక. ఇరవై చెప్తనేమో."

సువర్ణ ఆయన పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. "చెప్పు భాయ్. మంచిదే. గానీ ఇరవైకి తుమ్మెద ఇంటికాడనే ఉంటది."

రాములు తాత నమలడం ఆపాడు. ఖాజా భాయ్ ఆ రొట్టె మొత్తం నిదానంగా తిన్నాడు. నీళ్లు తాగాడు. చెయ్యి తుడుచుకున్నాడు.

"నువ్వు రాకుంటే గెలిచి ఎవలకు చెప్పుకోవాలె చెల్లె?" అన్నాడు. "విన్నవా తాతా, ముప్పై."

అప్పుడు మా సువర్ణ గిన్నె పక్కన పెట్టి, బంతిలో ఖాజా భాయ్ ఇంటావిడ పక్కన కూర్చుని తన పళ్లెంలో రొట్టె వేసుకుంది. మీరు ఆ పూట అక్కడికి వచ్చి ఉంటే, ముందురోజు ఓడింది ఎవరో పోల్చుకోలేకపోయేవారు.